పసుపు కారిపోయేదాకా

జనవరి 8, 1963. మంగళవారం

ఈ రిజిష్టరు ఆయన ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు నుంచి తెచ్చారు. ముందు పేజీల్లో ఎవరివో పేర్లు, టికెట్టు నంబర్లు ఉన్నాయి. వెనక సగం ఖాళీ. పొయ్యి అంటించడానికని తెచ్చారు గానీ నేను దాచుకున్నాను. బియ్యం డబ్బా అడుగున పెడుతున్నాను. అత్తకి చదువు రాదు. ఆయన బియ్యం డబ్బా ముట్టరు. ఐదో తరగతి దాకా చదివినదాన్ని, అక్షరాలు మర్చిపోతానేమోనని రాస్తున్నాను. అంతే.

అత్త ఊరి నుంచి వచ్చి ఇరవై రోజులయింది. పాత చీర ముక్కలో కలబంద మొక్క చుట్టి తెచ్చింది. రైల్లో మూడు ఆకులు నలిగిపోయాయి. వచ్చిన రోజే డాల్డా డబ్బాలో నాటించింది.

"గుంటకి రెండేళ్ళొస్తన్నాయి. ఇంకా పాలేటి? ఈ ఆకు బలిసాక కోసి రాస్తే రెండ్రోజుల్లో ఒగ్గేస్తాది. నీ మొగుడి సేత నానలగే మానిపించినాను" అంది.

అత్త రైలు పాసు గడువు ఫిబ్రవరి ఇరవై. ఆలోగా పాప పాలు మానాలి. మానితే అత్తతో ఊరు వెళుతుంది. ఆయన అక్క సింహాచలమ్మ వదిన దగ్గర ఉంటుంది. వదినకి పెళ్ళయి పదకొండేళ్ళు, పిల్లలు లేరు. ఊరికే తోడుకి, రెండు నెలలు. రెండు నెలలే కదా అన్నారు ఆయన.

రెండు నెలలే.

నీకిష్టమేనా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదేమో. ఆయన పదేళ్ళుగా బాయిలర్ షాపులో రివిట్లు కొడుతున్నారు. ఆ మోతకి చెవులు సగం పోయాయి. నా గొంతు ఆయన చెవి దాకా వెళ్ళదు. గట్టిగా చెబుదామంటే ఉన్నది ఒకటే గది, అత్త వింటుంది. అత్తే కాదు, ఓల్డ్ సెటిల్‌మెంట్లో ఈ క్వార్టర్ల లైనంతా వింటుంది.

జనవరి 10, గురువారం

మొక్కకి నీళ్ళు పోశాను.

జనవరి 12, శనివారం

మళ్ళీ పోశాను. ఒక చెంబుడే. వాడుతున్నట్టు కనిపించింది.

జనవరి 15, మంగళవారం

పోశాను.

జనవరి 17, గురువారం

పొద్దున అత్త ఆకు పట్టుకుని చూస్తే మొక్క మొదలంతా మెత్తగా చేతిలోకి వచ్చేసింది. వేరు నల్లబడిపోయింది. గది దాకా కుళ్ళు వాసన.

"ఎవుతి పోసింది నీళ్ళు?"

పాప నన్ను చూపించింది.

"ఓలమ్మీ, ఇది వరినారనుకున్నావేటి? కలబందకి నీళ్ళు సూపిస్తే సాలు, తాగించక్కర్నేదు. మీ అమ్మ నీకు కూడొండటం నేర్పింది గానీ మొక్క పట్టడం నేర్పనేదు."

మొక్క చచ్చిపోయిందనే అనుకున్నాను. అత్త కత్తిపీట తెచ్చి కుళ్ళినంత మేరా తెగ్గోసింది. కోసిన చోట బూడిద అద్దింది. పక్కనున్న రెండు పిలకల్నీ విడదీసి, మూడింటినీ గోడ మీద నీడలో పెట్టింది. పుండు ఆరాలట. మూడు రోజులదాకా మట్టి తగలకూడదట. లోకోషెడ్డు వెనక ఇంజన్ల కింద నుంచి లాగి పోసే గరుకు బొగ్గుబూడిద తట్టెడు తెమ్మంది. దానికి సగం ఇసక కలిపించింది. అడుగు తుప్పుపట్టిన బకెట్టుకి మేకుతో బెజ్జాలు కొట్టించింది.

"నీళ్ళు పోస్తే అడుక్కి కారిపోవాల. నిలవకూడదు. ఇనబడిందా?"

వినబడింది. ఈ ఇంట్లో అందరి మాటలూ నాకు వినబడతాయి.

నేను తెలియకే పోశాను. మా ఊళ్ళో కలబంద మొక్కలు కంచె గట్ల మీద వాటంతటవే పెరుగుతాయి. ఎవరూ నీళ్ళు పోయరు.

జనవరి 20, ఆదివారం

మొక్క బూడిదలో నాటాం. బతికేటట్టే ఉంది.

పక్క క్వార్టరు నీహార్ దీదీ గోడ అవతల నుంచి, "ఓ బౌ, తొమార్ ఘృతకుమారి కేమొన్ ఆఛే?" అని అడిగింది. నాకు బెంగాలీ కొంచెమే వచ్చు. కోడలా, నీ కుమారి ఎలా ఉంది అని అర్థమయింది. పాపని అడుగుతోంది, పేరు మర్చిపోయింది అనుకున్నాను. పాపని ఎత్తి చూపించి, "కుమారి కాదు దీదీ, రత్నం, రత్నం" అన్నాను. దీదీ గోడ పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని బకెట్టు వైపు వేలు చూపించింది. బెంగాలీలో కలబంద పేరు అదట. నాకు సిగ్గేసి లోపలికి వచ్చేయబోయాను. చెయ్యి పట్టుకుని వాళ్ళ వరండాలోకి లాక్కెళ్ళింది.

ఆవిడ దగ్గర ఆరు డబ్బాల్లో ఉంది కలబంద. తలకి రాసుకుంటుంది, మొహానికి రాసుకుంటుంది, తింటుంది కూడా. తింటుందంటే నేను నమ్మలేదు. ఒక ఆకు మొదట్లో కోసి గాజు గ్లాసులో నిలబెట్టింది. తెగిన చోట నుంచి పసుపురంగు నీరు బొట్టుబొట్టుగా దిగింది. "ఏటా తేతో. ఏటా ఫేలే దావ్" అంది. అదే చేదు, అది పారబొయ్యి అని. గ్లాసు అడుగున అంగుళం పసుపు పేరేదాకా ఆగింది. తర్వాత తొక్క తీసి, కడిగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ కడిగి, ముక్కలు కోసి మిశ్రీ, అంటే పటికబెల్లం పొడి, చల్లి నా చేతిలో పెట్టింది.

భయపడుతూనే నోట్లో వేసుకున్నాను. చేదు లేదు. చల్లగా జారింది, అంతే. పాప నా చేతిలో మిగిలినది లాక్కుని తిని, ఇంకోటి అడిగింది.

చేదంతా తొక్క కింది పసుపులోనే ఉందట. అది పోతే లోపల ఏమీ లేదు.

జనవరి 21, సోమవారం

నిన్న రాసింది ఊరికే రాశాను. తినే వస్తువు కదా, గుర్తుంటుందని.

జనవరి 29, మంగళవారం

ఇవాళ ఆకు రాశారు.

మధ్యాహ్నం సైరన్ అయ్యాక ఆయన అన్నం తిని వెళ్ళిపోయారు. అత్త ఒక ఆకు విరిచి తెచ్చింది. నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, విరిగిన చోటుతోనే రుద్దింది. చల్లగా ఉంది. తర్వాత అంటుకుని బిగిసింది. పాప ఆడుకుని వచ్చి ఎప్పటిలా ఒళ్ళో పడుకుంది. నోరు పెట్టింది. మొహం ముడుచుకుంది. ఉమ్మేసింది. మళ్ళీ నోరు పెట్టింది. అప్పుడు ఏడవలేదు. తల ఎత్తి నా మొహంలోకి చూసింది, నేనే చేశాననుకుందేమో. తర్వాత ఏడిచింది.

"సేదు, సేదు" అని అత్త పాప చేత అనిపించింది. పాప కొత్త మాట నేర్చుకుంది.

సాయంత్రం స్నానాలగదిలోకి పాపని తీసుకెళ్ళి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని పాలిచ్చాను. అత్త అడిగితే పాప కాళ్ళకి మసి అయిందని చెప్పాను.

జనవరి 31, గురువారం

నిన్నా, ఇవాళా స్నానాలగదే. పాప మెల్లిగా తాగదు, చప్పుడు చేస్తుంది. చెంబుతో నీళ్ళు గుమ్మరిస్తూ కూర్చుంటున్నాను. "ఈ సలిలో ఎన్నిసార్లు కడుగుతావే గుంటని?" అంటోంది అత్త. కొళాయి రెండుపూటలే వస్తుంది. ఇలా ఎన్నాళ్ళో తెలియదు.

ఫిబ్రవరి 2, శనివారం

ఎర్రగా కాలిన రివిటు ముక్క ఎగిరి పడి ఆయన ముంజేతి మీద రూపాయంత మేర కాలింది. ఆసుపత్రిలో ఏదో నీలం మందు పూసి పంపారు. మంట తగ్గలేదన్నారు. అత్త నీళ్ళకి వెళ్ళింది. నేను ఆకు కోసి, పసుపు పిండేసి, తొక్క తీసి లోపలిది చేతి మీద పరిచాను.

"సల్లగుంది" అన్నారు. కళ్ళు మూసుకున్నారు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆయన చెయ్యి అంతసేపు నా చేతిలో ఎప్పుడూ లేదు. ఇదే సమయం అనుకున్నాను.

"పాపని ఊరు పంపొద్దు" అన్నాను.

"ఏటి?"

"పాపని పంపొద్దు."

"ఏటంతన్నావు? మూతి ఇప్పి సెప్పు."

మళ్ళీ నోరు తెరిచేసరికి అత్త బిందెతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటంతంది నీ పెళ్ళాం?"

"ఏటో, ఆకు గురించి."

"ఆకు గురించే అత్తా" అన్నాను.

అత్త బిందె దించమంది. దించాను.

ఫిబ్రవరి 5, మంగళవారం

ఏమీ లేదు. మొక్కకి కొత్త ఆకు. నేను నీళ్ళు పోయటం లేదు.

ఫిబ్రవరి 7, గురువారం

సింహాచలమ్మ వదిన దగ్గర నుంచి కార్డు వచ్చింది. ఆయన డ్యూటీలో ఉన్నారు. అత్త నన్నే చదవమంది.

గుమ్మంలో కూర్చుని చదివాను. అందరూ క్షేమం. గేదె ఈనింది. పాపకి రెండు గౌన్లు కుట్టించింది, వెండి మొలతాడు చేయించింది. ఊయల గొలుసులకి నూనె రాయించింది. మామిడి పూత బాగుంది.

తర్వాతి వాక్యం ఇది. "బడిలో వేసినప్పుడు పాపకి మా ఇంటిపేరే రాయిద్దామని మీ అల్లుడుగారు అంటున్నారు, తమ్ముడితో చెప్పు."

ఆ వాక్యం పైకి చదవలేదు. నా కళ్ళు మాత్రం చదివాయి. ఆగిపోయాను.

"అంతేనా?" అంది అత్త.

"అంతే. నమస్కారాలు అని ఉంది."

"ఇంకేటో రాస్తానంది. నా ఎదటే అంది."

"చోటు చాల్లేదేమో అత్తా."

కార్డు అడిగి తీసుకుని, చదవటం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసింది. బొడ్లో దోపుకుంది.

బడిలో వెయ్యడానికి పాపకి ఇంకా మూడేళ్ళుంది. రెండు నెలలకి వెళ్ళే పిల్లకి ఊయల గొలుసులెందుకు? ఇంటిపేరెందుకు? ఇదంతా నాకు ఇవాళే తెలిసిందని రాయాలనుకున్నాను. ఇవాళే తెలిసి ఉంటే జనవరిలో మొక్కకి అన్ని నీళ్ళు ఎందుకు పోస్తాను?

ఫిబ్రవరి 8, శుక్రవారం

సిగ్గేస్తోంది, ఇకనుంచి ఆకు నేనే రాసుకుంటానని అత్తతో చెప్పాను. నేను సిగ్గుపడతానని అందరికీ తెలుసు, అందుకే నమ్మింది. ఇన్నాళ్ళకి నా సిగ్గు ఒక్క పనికి వచ్చింది.

పొద్దున అత్త కొళాయి దగ్గర వరసలో ఉన్నప్పుడు ఆకు కోసి గ్లాసులో నిలబెట్టాను. పసుపు కారిపోయేదాకా పాపా నేనూ చూస్తూ కూర్చున్నాం. తొక్క తీసి, కడిగి, తుడిచాను. లోపలి గుజ్జు గిన్నెలో వేసి అత్తకి చూపించాను.

"తొక్కెందుకు తీసినావు?"

"ఇలా అయితే బాగా అంటుకుంటుంది అత్తా."

మధ్యాహ్నం అత్త ఎదురుగానే రాసుకున్నాను. పాప వాసన చూసింది. తాగింది. కడుపునిండా తాగి నా ఒళ్ళోనే నిద్రపోయింది. అత్త నోరు తెరుచుకుని చూసింది. నేను తల ఎత్తలేదు, ఎత్తితే నవ్వు కనిపిస్తుందని.

ఫిబ్రవరి 10, ఆదివారం

మూడు రోజులుగా తాగుతోంది. అత్త కొళాయి దగ్గర చెప్పేసింది. చివరి క్వార్టరు ఎస్తేరమ్మ బిందె నింపుకుంటూ, "మీ మనవరాలికి కాకరకాయలు పచ్చివే పెట్టుకోవచ్చు అప్పలనర్సమ్మా, నూనె కలిసొస్తాది" అందట. అత్త ఆ కోపం ఇంటికి వచ్చి నా మీద చూపించింది. కూరలో ఉప్పు లేదంది. ఉప్పు ఉంది.

ఆయన నవ్వారు. "నా కూతురు బాయిలర్ షాపు మనిషి. దేనికీ జడవదు" అన్నారు. నా కూతురు అన్నారు. మరి ఎందుకు పంపుతున్నారు?

ఫిబ్రవరి 13, బుధవారం

పాప ఇప్పుడు పనిమంతురాలయింది. నేను ఆకు కోయగానే గుడ్డపేలిక తెచ్చి పక్కన కూర్చుంటుంది. పసుపు కారిన చోట వేలు పెట్టి "సేదు" అంటుంది. "తుడిచెయ్" అంటాను. "తుడు, తుడు" అంటూ తుడుస్తుంది. తెల్లగా, నీళ్ళలా కనబడేదాకా వదలదు. తుడిచింది ఒక ముక్క నోట్లో వేసుకుంటుంది. ఈ పావుగంట కోసమే పొద్దున లేస్తున్నాను.

ఇంకా ఏడు రోజులు.

ఫిబ్రవరి 15, శుక్రవారం

అత్త మధ్యాహ్నం బకెట్టు ముందు కూర్చుంది. "ఈ కరగ్‌పూర్ నీళ్ళకి, ఈ బొగ్గుకి, దీని సేదు సచ్చిపోయింది" అని గొణిగి, ఒక ఆకు విరిచి నాకింది. వెంటనే ఉమ్మేసింది. లేచి వెళ్ళి పుక్కిలించింది. మళ్ళీ ఉమ్మింది.

"సేదుంది" అంది.

నేను బియ్యం ఏరుతున్నాను.

"సేదు సేదులాగే ఉంది గంగా. మరి గుంట ఎలగ తాగతంది?"

బియ్యంలో రాళ్ళు లేవు. అయినా ఏరుతూనే ఉన్నాను.

"ఆదివారం నానే రాస్తాను. నువ్వు గోడేపు తిరిగి సిగ్గుపడు" అంది.

ఫిబ్రవరి 17, ఆదివారం

ఇవాళ జరిగినదంతా రాస్తాను.

ఆయన ఇంట్లోనే ఉన్నారు. వరండాలో కూర్చుని సైకిలు గొలుసు తుడుచుకుంటున్నారు. అత్త నాలుగు ఆకులు కోసింది. పసుపు ఒక్క బొట్టు పోకుండా గిన్నెలోకి పిండింది. అది తెచ్చి మందంగా పూసింది. మీద ఇంకోసారి పూసింది. పాపని తెచ్చి నా ఒళ్ళో తనే పడుకోబెట్టింది.

పాప నోరు పెట్టింది. తీసేసింది. ఉమ్మింది. పెదాల మీద పసుపు. ఏడుస్తుందని నేను కళ్ళు మూసుకున్నాను.

ఏడవలేదు. "సేదు" అంది. లేచి కూర్చుని నా కొంగు అందుకుంది. "తుడు, తుడు" అంటూ కొంగుతో తుడవటం మొదలుపెట్టింది. రోజూ ఆకు తుడిచినట్టే, అడుగు నుంచి పైకి. ఉమ్మి తడి చేసి మళ్ళీ తుడిచింది. కొంగు పసుపయింది. వేలు పెట్టి చూసుకుంది, ఆ వేలు నోట్లో పెట్టుకుని చూసుకుంది. సరిపోయిందనిపించాక పడుకుని తాగింది.

అత్త మెల్లిగా అంది. "ఇదెవుతి నేర్పింది దీనికి?"

అత్త వరండాలో ఆయన వైపు తిరిగింది.

"ఓరే గణపతీ, ఇలగ రా. నీ పెళ్ళాం నన్ను ఆటాడిస్తంది. ఆకు కడిగేసి రాసుకుంతంది. పాలు మానినా మానకపోయినా, బుధవారం గుంటని ఎత్తుకెల్లిపోతాను. పల్లెలో ఆవుపాలున్నాయి. రెండ్రోజులేడిసి అదే తొంగుంటాది."

ఆయన గుమ్మంలోకి వచ్చారు. నేను కొంగు కప్పుకున్నాను. పాప కొంగు కింద తాగుతూనే ఉంది.

"పాపని పంపను" అన్నాను.

"ఏటి?" అన్నారు ఆయన, ఎప్పటిలాగే చెవి ముందుకి పెట్టి.

నాకు ఆ "ఏటి" అప్పుడు ఒంట్లో ఎక్కడ తగిలిందో తెలియదు. ఐదేళ్ళుగా వింటున్నాను.

"పాపని పంపను" అని అరిచాను.

కొళాయి దగ్గర మాటలు ఆగిపోయాయి. నీహార్ దీదీ ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. పాప ఉలిక్కిపడి పాలు వదిలేసింది. నేను మళ్ళీ అదే గొంతుతో, "కార్డులో రాసింది వదిన. ఇంటిపేరు మార్చేస్తారట. ఇంటిపేరు మార్చేది రెణ్ణెల్లకా?" అన్నాను.

ఆయన అత్త వైపు చూశారు. ఇంటిపేరు సంగతి ఆయనకి ముందే తెలుసో లేదో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

"అక్కకి మాటిచ్చేసినాను" అన్నారు, నేలకేసి చూస్తూ.

"మాటిచ్చింది మీరు. పాలిచ్చింది నాను."

ఇది ఆయనకి వినబడింది. వెళ్ళి మళ్ళీ సైకిలు దగ్గర కూర్చున్నారు. తుడిచిన గొలుసే తుడిచారు.

"ఇంత గొంతుందని ఎవులికి తెలుసు" అంది అత్త. తిట్టలేదు. గిన్నె తీసుకెళ్ళి కడిగింది.

ఫిబ్రవరి 18, సోమవారం

ఆయన మాట్లాడలేదు. అన్నం తిన్నారు. కొళాయి దగ్గర అందరూ నాకు వరసలో చోటిచ్చారు. అది ఇంకా సిగ్గు.

ఫిబ్రవరి 19, మంగళవారం

ఆయన చేతి మీద కాలిన చోట మచ్చ కట్టింది. మందు రాస్తానంటే చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

అత్త మూట కట్టుకుంటోంది. పాప గౌన్లు అందులో పెట్టలేదు. నేను లెక్కపెట్టుకున్నాను, నాలుగూ పెట్టెలోనే ఉన్నాయి.

ఫిబ్రవరి 20, బుధవారం

స్టేషనుకి అందరం వెళ్ళాం. అంత పొడుగు ప్లాట్‌ఫారం మీద ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా నడిచాం. పాప ఒక్కతే ఇంజన్లని పిలుస్తోంది.

పొద్దున బకెట్టులోంచి ఒక పిలక తీశాను. వేరుకి మట్టి దులిపి, నీడలో ఆరబెట్టి, పొడిగుడ్డలో చుట్టాను. నీళ్ళు పెట్టలేదు. మెయిలు బండి వచ్చేముందు అత్త చేతికిచ్చాను.

"వదినకి ఇవ్వు అత్తా."

అత్త గుడ్డ విప్పి చూసింది. ఆయన వైపు తిరిగి, "ఇన్నావా? పిల్లనడిగితే పిలకిచ్చింది నీ పెళ్ళాం" అంది. ఆయన విననట్టు పట్టాల వైపు చూశారు. చెవులు ఈ ఒక్కసారికి ఆయనకి పనికొచ్చాయి.

పారేస్తుందనుకున్నాను. పారెయ్యలేదు. సంచిలో అన్నిటికన్నా పైన, నలగకుండా పెట్టుకుంది. బండెక్కి కిటికీలోంచి పాప బుగ్గ పుణికింది. "సింహాచలం ఊయల కడిగి కూకుంది. దానికేటి సెప్పాల?" అని నన్ను అడిగింది. కోపంగా అడగలేదు. నిజంగానే అడిగింది. నేను ఏం చెప్పాలో ఆలోచిస్తుండగానే బండి కదిలింది. ఇంకా ఆలోచిస్తున్నాను. వదిన ఎప్పుడూ నన్ను ఒక్క మాట అనలేదు. పురిటికి నా తల దువ్వి పంపింది ఆవిడే.

ఆయన ఇంటికి వచ్చి సైకిలు తీసుకుని, సెకండ్ షిఫ్టుకి వెళ్ళిపోయారు. గదిలో పాపా నేనూ మిగిలాం. ఎవరూ లేని గది చూసి ఎన్నాళ్ళయిందో. తలుపు వెయ్యకుండానే గుమ్మంలో కూర్చున్నాను.

పాప వచ్చి ఒళ్ళో పడుకుంది. ఇవాళ నేను ఏమీ రాసుకోలేదు. ఎవరూ ఏమీ రాయలేదు. పాప నా కొంగు అందుకుని, అడుగు నుంచి పైకి, ముందు శుభ్రంగా తుడిచింది. వేలు పెట్టి చూసుకుంది. అప్పుడు తాగింది.